కొండవాలు ఇంట్లో బోరు మోటారు మార్చాలా? మృగశిర రాకముందే కానివ్వండి

మీ ఇల్లు బెజవాడలో గుణదలలోనో, మొగల్రాజపురంలోనో, క్రీస్తురాజపురంలోనో కొండవాలున ఉందా? బోరు మోటారు రోజుకోసారి ట్రిప్ అవుతోందా? నీళ్ళలో ఇసుక కనబడుతోందా? ముప్పావు గంటలో నిండే ట్యాంకుకు ఇప్పుడు రెండు గంటలు పడుతోందా? అయితే వానలు వెళ్ళాక చూద్దాంలే అనుకోకండి. ముసురు పట్టిన రోజున ఆ మోటారు కాలిపోతే ఇంట్లో చుక్క నీళ్ళుండవు. తడిసి జారుతున్న వాలు మీద మనుషుల్ని నిలబెట్టి అప్పటికప్పుడు పని చేయించాల్సి వస్తుంది. కొండ ఇళ్ళలో ప్రమాదాలు జరిగేది అలాంటి హడావిడిలోనే.

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు కదా, ఈ పనికి మాత్రం ఆ రోజులే మంచివి. మట్టి పొడిగా, గట్టిగా ఉంటుంది. పైగా బోరులో నీటిమట్టం ఏడాదిలోకెల్లా లోతున ఉండే కాలం అదే కాబట్టి, కొత్త మోటారును ఎన్ని అడుగుల్లో దించాలో నిజంగా తెలిసేది అప్పుడే. వానల్లో కొలిచి దించితే మళ్ళీ ఏప్రిల్ వచ్చేసరికి మోటారు గాలి పీలుస్తుంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదింటిలోపు బరువు పని ముగించమనండి. బెజవాడ మే ఎండలో ఇనుప పైపు చేత్తో పట్టుకోలేం. చెమట చేతులతో పట్టుకుంటే జారుతుంది.

2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు విరిగి ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. ఆ వెంటనే బుడమేరు వరద రావడంతో అందరి చూపూ అటు మళ్ళింది కానీ, కొండ అంచున ఉండేవాళ్ళం ఆ రోజును మరిచిపోలేదు. అంతకుముందు 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి మీదా చరియలు పడ్డాయి. మన కొండల్లో రాయికి పగుళ్ళు ఎక్కువ. ఆ పగుళ్ళలోకి దిగిన నీరు మట్టిని వదులు చేసి, రాయిని బయటికి నెడుతుంది. అందుకే వాలు మీద బోరు పని అంటే నేను ముందు ఆలోచించేది మోటారు గురించి కాదు. బరువు ఎటు పోతుంది, నీళ్ళు ఎటు పోతాయి, ఈ రెండే.

ముందు బరువు సంగతి. ఇంచుంపావు జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు మీటరుకు సుమారు మూడు కిలోలు ఉంటుంది. ఇరవై అడుగుల పైపులు పది వేసి ఉంటే ఇనుమే దాదాపు 190 కిలోలు. అడుగున నాన్‌రిటర్న్ వాల్వు (నీళ్ళు వెనక్కి పోకుండా ఆపేది) బాగుంటే పైపుల్లో నిలిచిన నీళ్ళు ఇంకో 60 కిలోలు. దానికి మోటారు, పంపు, కేబులు కలపండి. రెండున్నర క్వింటాళ్ళు దాటిన బరువు మూడు కాళ్ళ స్టాండు మీద, చైన్ పుల్లీకి వేలాడుతుంది. చదునైన చోటయితే బోరు మోటారు తీసే బండి వస్తుంది. మన సందుల్లోకి, మెట్ల దారుల్లోకి అది ఎక్కలేదు కాబట్టి స్టాండే గతి.

స్టాండు మూడో కాలు ఎక్కడ పడుతుందో మీరే దగ్గరుండి చూడండి. కొండ ఇళ్ళలో పెరడు సగం కొండను తొలిచిన గట్టి నేల, సగం గోడ కట్టి నింపిన మట్టి. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మా ఇంట్లో మొదటిసారి మోటారు తీసినప్పుడు దిగువ వైపు కాలు నింపుడు మట్టి మీద పడింది. నాలుగో పైపు లేస్తుండగా ఆ కాలు బెత్తెడు లోపలికి దిగింది. స్టాండంతా కింద ఇంటి వైపు ఒరిగింది.

"బాబాయ్, ఆ కాలు దిగుతోంది" అని మా బోరు మేస్త్రీని చూసి అరిచాను.

"అమ్మా, మీరు పైమెట్టు మీదికి వెళ్ళండి. ఎవరూ తాడు వదలకండిరా" అంటూ ఆయన ముందు కేసింగు (బోరుకు వేసిన బయటి గొట్టం) మూతి దగ్గర రెండో క్లాంపు బిగించాడు. బరువు దాని మీద కూర్చున్నాకే స్టాండును సర్దాడు. ఆ రెండో క్లాంపు దగ్గర లేకపోతే పైపులు, మోటారు అన్నీ బోరులోకి పోయేవి, స్టాండు కింద ఇంటి రేకుల మీద పడేది. ఆ రేకుల కింద ఒక ముసలామె మంచం మీద ఉంది. ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

ఆ తర్వాత నుంచి మా ఇంట్లో పని ఎలా జరుగుతుందంటే, ప్రతి కాలు కింద మందపాటి చెక్కపలక వేసి, కాళ్ళు విడిపోకుండా మూడింటినీ కలిపి తాడుతో కడతాం. మట్టి జారకుండా కట్టిన రిటైనింగ్ గోడ అంచుకు కనీసం గోడ ఎత్తంత దూరంలో కాళ్ళు ఉండేలా చూస్తాం. అంత జాగా లేకపోతే ఇంజినీరుకు చూపించకుండా పని మొదలుపెట్టవద్దు. మోటారుకు కట్టిన సేఫ్టీ తాడు రెండో కొసను ఎగువ వైపున్న గట్టి స్తంభానికి కట్టాలి. గేటు దిమ్మెకో, కాంపౌండు గోడకో, లేత కొబ్బరిచెట్టుకో కట్టడం నేను చూశాను. అవి ఆ బరువు ఆపవు. ఇక దిగువ ఇంటివాళ్ళకు ముందు రోజే చెప్పి, ఆ పూట పిల్లల్ని, పెద్దవాళ్ళను అటువైపు గదుల్లో లేకుండా చూడమనండి. ఏదో ఫార్మాలిటీగా కాదు, ఇంటికి వెళ్ళి చెప్పండి.

కరెంటు తీగల గురించి ఎంత చెప్పినా తక్కువే. కొండ మీద ఇళ్ళు మెట్లు మెట్లుగా ఉంటాయి. కింద వీధి స్తంభం మీది తీగ మన పెరట్లోకి వచ్చేసరికి తల ఎత్తులోనో, చేతికందే దూరంలోనో ఉంటుంది. బోరులోంచి లేచిన ఇరవై అడుగుల ఇనుప పైపు నిట్టనిలువుగా నిలబడుతుంది. విప్పేటప్పుడు ఒక పక్కకు వాలుతుంది. ఆ వాలు తీగ వైపైతే పట్టుకున్న వాళ్ళెవరూ మిగలరు. పైపు ఎటు వాలినా తీగకు తగలదని కొలిచి చూసుకుంటేనే పని మొదలుపెట్టండి. అనుమానం ఉంటే లైన్‌మన్‌కు చెప్పి ఎల్‌సీ (పని అయ్యేదాకా లైను ఆపే అనుమతి) తీసుకోండి. కరెంటు వాళ్ళ 1912 నంబరుకు ఫోన్ చేసినా సరే. గంటసేపు వీధికి కరెంటు పోతుందని మొహమాటపడకండి.

ఇంట్లో కరెంటు విషయంలో స్టార్టరు ఆఫ్ చేస్తే చాలదు. మీటరు దగ్గర మెయిన్ ఆపి ఫ్యూజు తీసి, ఆ ఫ్యూజు మేస్త్రీ జేబులో ఉంచండి. పైఅంతస్తులో ఎవరో నీళ్ళు రావట్లేదని స్విచ్ వేస్తారు, అదీ భయం. సింగిల్ ఫేజ్ ప్యానెల్‌లో కెపాసిటరు కరెంటు తీసేసినా కాసేపు చార్జి పట్టి ఉంటుంది కాబట్టి దాన్ని మెకానిక్కే ముట్టుకోవాలి. కొత్త మోటారుకు సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించుకోండి.

నీళ్ళ దగ్గరికి వద్దాం. ఒక్కో జాయింటు విప్పినప్పుడల్లా ఆ పైపులోని నీళ్ళు, సుమారు ఆరు లీటర్లు, మనుషులు నిలబడ్డ చోటే పడతాయి. పది పైపులకు అరవై లీటర్లు. మూడడుగుల జాగాలో, వాలు మీద, ఎర్రమట్టిలో అదంతా బురదే. మా కుర్రాడొకడు ఇలాగే జారితే పైపు రెంచి చేతిలోంచి ఎగిరి కింద రేకుల మీద పడింది. ఎవరికీ తగల్లేదు, అది మా అదృష్టం. అందుకని రెండు బస్తాల కంకర పొడి దగ్గర పెట్టుకుని జాయింటు విప్పిన ప్రతిసారీ చల్లండి. నీళ్ళు పక్కకు పోయేలా ముందే చిన్న కాలువ తీసి పెట్టండి. హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపైతే బరువు తక్కువే, కానీ అది ముక్కలుగా విప్పేది కాదు, పొడుగ్గా లాగాలి. లాగినవాళ్ళు వెనక్కి వెనక్కి నడుస్తూ గోడ అంచు దాకా వెళ్ళిపోతారు. అందుకని ఎప్పుడూ ఎగువ వైపుకే లాగించండి.

కొత్త మోటారు దించాక అందరూ చేసే తప్పు ఒకటుంది. మట్టినీళ్ళు తేటపడేదాకా మోటారు వేసి పైపు పెరట్లోకి వదిలేస్తారు. గంటకు రెండు వేల లీటర్లు అనుకున్నా, మూడు గంటలకు ఆరు వేలు. అవి ఇంకేది మీ రిటైనింగ్ గోడ వెనకే. ఆ పైపును తప్పకుండా మునిసిపల్ కాలువ దాకా వేయించండి. గోడ వెనక నీళ్ళు బయటికి పోవడానికి వదిలిన రంధ్రాలు (వీప్ హోల్స్) మట్టితో పూడిపోయి ఉంటే, ఈ పని మొదలుపెట్టే ముందు రోజే కమ్మీతో పొడిచి తెరిపించండి. గోడ ఉబ్బినట్టున్నా, కొత్త బీటలు కనిపించినా మోటారు సంగతి పక్కనపెట్టి ముందు గోడ చూసుకోండి.

టీ తాగడానికి వెళ్ళినా సరే, తెరిచిన బోరు మీద మూత ఉండాల్సిందే. 2017 ఆగస్టులో వినుకొండ మండలం ఉమ్మడివరంలో రెండేళ్ళ బాబు బోరుబావిలో పడ్డాడు, అదృష్టవశాత్తూ ప్రాణాలతో బయటికి వచ్చాడు. గోనెసంచి కప్పి రాయి పెడితే మూత కాదు. బోల్టులతో బిగించే ఇనుప మూత పాత మోటారు తీయకముందే తెచ్చి పెట్టుకోండి.

పనైపోయాక ప్యానెల్ తలుపు లోపలి వైపు పెయింటుతో రాయించండి: ఎన్ని పైపులు, ఎన్ని అడుగులు, నీళ్ళు ఎక్కడ తగిలాయి, స్టాండు కాళ్ళు ఎక్కడ పెట్టారు, తేదీ. మా తలుపు మీద బాబాయ్ చేతిరాతతో ఇంకో మాట కూడా ఉంది: "దిగువ కాలు జామచెట్టు పక్క పెట్టొద్దు, లోపల నింపుడు మట్టి."