చలి ఉదయాన కారు స్టార్ట్ కాకపోతే ఏం చేయాలి?

డిసెంబరు, జనవరి నెలల్లో లంబసింగిలోనో, అరకులోనో, ఆదిలాబాద్ పల్లెల్లోనో రాత్రంతా ఆరుబయట నిలిపిన కారు తెల్లవారుజామున మొరాయిస్తే, చాలామంది తాళం తిప్పి పట్టుకుని సెల్ఫ్ కొడుతూనే ఉంటారు. అలా చేయకూడదు. ఒక్కో ప్రయత్నం పది సెకన్లు దాటకూడదు, రెండు ప్రయత్నాల మధ్య కనీసం అర నిమిషం ఆగాలి. లేకపోతే బ్యాటరీలో మిగిలిన కాస్త శక్తీ ఖర్చయిపోతుంది, సెల్ఫ్ మోటారు కూడా వేడెక్కి పాడవుతుంది.

ముందుగా శబ్దం వినాలి. టకటకమని వరుసగా కొట్టుకుంటూ డ్యాష్‌బోర్డు దీపాలు మసకబారితే బ్యాటరీ దిగిపోయినట్టు. దీపాలు ప్రకాశంగానే ఉండి ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే సెల్ఫ్ మోటారునో దానికి వెళ్లే వైర్లనో అనుమానించాలి. ఇంజిన్ బరువుగా, ఈడ్చుకుంటూ తిరిగితే బ్యాటరీ బలహీనంగానైనా ఉండాలి, చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడైనా ఉండాలి. ఎప్పటిలాగే వేగంగా తిరుగుతూ అంటుకోకపోతే మాత్రం బ్యాటరీ జోలికి పోనక్కర్లేదు. పెట్రోలు బండిలో స్పార్క్ ప్లగ్గులూ ఇంధన సరఫరా, డీజిల్ బండిలో హీటర్ ప్లగ్గులూ (చల్లని ఇంజిన్ లోపలి గాలిని ముందుగా వేడిచేసేవి) చూడాలి. డీజిల్ బండిలో తాళం ఆన్ చేశాక తీగచుట్ట గుర్తున్న పసుపు దీపం ఆరేవరకు ఆగి, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టాలి. ఈ తేడాలు గమనించకుండా నేరుగా కొత్త బ్యాటరీ కొనేవారిని తరచూ చూస్తుంటాను. రోగమొకటైతే మందొకటి వేసినట్టే.

అయినా మన ప్రాంతంలో చలి ఉదయాల్లో ఎక్కువగా పట్టుబడేది బ్యాటరీయే. నిజానికి దాన్ని దెబ్బతీసేది చలి కాదు, అంతకుముందు గడిచిన ఎండాకాలం. మే నెల వేడికి లోపలి పలకలు తుప్పుపట్టి, నీళ్లు తగ్గి, బ్యాటరీ కొంత సత్తువ కోల్పోతుంది. ఉష్ణోగ్రత సున్నా వైపు దిగేసరికి ఏ బ్యాటరీకైనా సామర్థ్యం సుమారు ఐదో వంతు తగ్గుతుంది కాబట్టి, అంతవరకు దాగిన లోపం అప్పుడు బయటపడుతుంది. అందుకే మూడేళ్లు దాటిన బ్యాటరీని కొండల మీదికి వెళ్లేముందు పరీక్షించి తీరాలి. రాత్రంతా కదలకుండా ఉన్న బ్యాటరీ మల్టీమీటరులో (వోల్టులు కొలిచే పరికరం) 12.6 వోల్టులు చూపాలి, 12.2 కంటే తక్కువ చూపితే ఛార్జింగ్ పెట్టించాలి.

బోనెట్ ఎత్తి టెర్మినళ్లు, అంటే బ్యాటరీకి కేబుళ్లు బిగించే కొసలు, చూడండి. తెల్లగానో, పచ్చగానో పొడి పేరుకుని ఉంటే కరెంటు సరిగా పారదు. పదో నంబరు పానాతో నల్ల కేబుల్ ముందు, ఎర్ర కేబుల్ తర్వాత విప్పి, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో రుద్ది, ఆరనిచ్చి, ఎర్రది ముందుగా బిగించాలి. పైన కాస్త వాజలీన్ రాస్తే చాలు.

ఇక జంపర్ కేబుళ్లతో (రెండు బ్యాటరీలను కలిపే లావుపాటి ఎర్ర, నల్ల వైర్లు) మరో బండి నుంచి కరెంటు తీసుకోవడం. జనం తప్పు చేసేదంతా ఇక్కడే, అదీ తొందరలోనే. సాయానికి వచ్చే బండి 12 వోల్టులదై ఉండాలి. పెద్ద లారీలలో, బస్సులలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉండడం మామూలే. దారిన పోయే లారీని ఆపి, చూసుకోకుండా తగిలిస్తే కారులోని కంట్రోల్ యూనిట్లు (ఇంజిన్ వంటివాటిని నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెలు) కాలిపోవచ్చు. రెండు బండ్లూ ఒకదానికొకటి తాకకూడదు, రెండింటి ఇంజిన్లూ ఆపి ఉండాలి.

వరుస ఇది, దీన్ని మార్చకూడదు. ఎర్ర కేబుల్ ఒక కొన దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొన మంచి బ్యాటరీ ప్లస్‌కు తగిలించాలి. నల్ల కేబుల్ ఒక కొన మంచి బ్యాటరీ మైనస్‌కు తగిలించాక, చివరి కొనను దిగిపోయిన బ్యాటరీ మైనస్‌కు కాకుండా, దానికి దూరంగా ఇంజిన్ మీద రంగు వేయని ఇనుప బోల్టుకు పట్టించాలి. చివరి కొన తగిలేటప్పుడు చిన్న మెరుపు రవ్వ లేవడం సహజం. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి ఆ రవ్వ దాని పక్కనే లేస్తే బ్యాటరీ పేలి ఆమ్లం ముఖాన పడే ప్రమాదం ఉంది. ఎప్పుడూ ఏమీ కాలేదు కదా అని మైనస్‌కే తగిలించేవారి మాట వినకండి. ప్లస్, మైనస్ గుర్తులు మసిపట్టి కనబడకపోతే గుడ్డతో తుడిచి, కళ్లారా చూసుకున్నాకే కేబుల్ ముట్టుకోండి. వైరు రంగును మాత్రమే నమ్మకండి, ఎవరో మార్చి ఉండవచ్చు.

తర్వాత మంచి బండిని స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నడవనివ్వాలి. ఈ ఐదు నిమిషాలు ఆగలేకనే చాలామంది విఫలమవుతారు. అప్పుడు మీ కారు సెల్ఫ్ కొట్టండి. అంటుకున్నాక, తగిలించిన వరుసకు సరిగ్గా వెనుక వరుసలో కేబుళ్లు తీయాలి.

తోసి స్టార్ట్ చేయడాన్ని నేను ఒప్పుకోను. ఆటోమేటిక్ గేర్ల బండికి అది కుదరదు. పెట్రోలు బండిలో కాలని ఇంధనం సైలెన్సరు వైపు చేరి, పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టరును చెడగొడుతుంది. పైగా ఘాట్ రోడ్డు వాలులో ఇంజిన్ ఆగిన కారుకు బ్రేకు, స్టీరింగు రెండూ బరువెక్కుతాయి.

స్టార్టయిన కారును వెంటనే ఆపకుండా అరగంటకు పైగా నడపండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.8 నుంచి 14.5 వోల్టులు కనబడాలి. అంతకంటే తక్కువైతే, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటరును మెకానిక్‌కు చూపించండి. ఆ అంకె సరిగా ఉండి మర్నాడు ఉదయం మళ్లీ మొరాయిస్తే, లోడ్ టెస్టు (బ్యాటరీ నుంచి ఎక్కువ కరెంటు లాగి దాని సత్తువ చూసే పరీక్ష) చేయించి బ్యాటరీ మార్చండి. కొత్తది కూడా రాత్రికి రాత్రే దిగిపోతుంటే బండి ఆపాక కూడా ఏదో ఒకటి కరెంటు లాగుతున్నట్టు; తర్వాత బిగించిన మ్యూజిక్ సిస్టమ్, కెమెరా వైర్లను ముందుగా విప్పించి చూడండి.