గుండ్రంగా మోగి, ఆగకుండా సాగే లీడ్ టోన్: గిటార్, పికప్ ఎంచుకునే పద్ధతి

లీడ్ వాయిస్తుంటే స్వరం గుండ్రంగా, మెత్తగా ఉండాలి. మీటి వదిలాక వెంటనే చచ్చిపోకుండా గాలిలో నిలవాలి. వార్మ్ టోన్ అంటూ అందరూ వెతికేది దీన్నే. చాలామంది ముందుగా చేసే పని, అన్నిటికంటే ఎక్కువ అవుట్‌పుట్ ఉన్న పికప్ కొని బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గర బిగించడం. శబ్దం పెద్దదవుతుంది గానీ నాదం మాత్రం అంతకు ముందులాగే ఆగిపోతుంది. ఎందుకంటే పికప్ చేసేది తీగ ఊపును కరెంటుగా మార్చడం, అంతే. తీగలో లేనిదాన్ని అది పుట్టించలేదు. అందుకే ముందు తీగ ఎక్కడ ఆగుతోందో చూడాలి. తర్వాత పికప్. గెయిన్ (యాంప్, పెడల్ సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది) సంగతి అన్నిటికంటే చివర.

ప్లగ్ పెట్టకుండా వినండి

గిటార్‌ను యాంప్‌కు కలపకండి. ఆరు తీగల మీదా 1వ ఫ్రెట్ నుంచి చివరి ఫ్రెట్ దాకా ఒక్కో స్వరాన్ని ఒకే బలంతో మీటి, అది ఎంతసేపు నిలుస్తోందో ఫోన్‌లో స్టాప్‌వాచ్‌తో చూడండి. విసుగు పుట్టించే పనే, కానీ కొనే ముందు ఈ కాస్త సమయం పెట్టడం మంచిది. పక్క ఫ్రెట్ల మీద చక్కగా మోగుతూ మధ్యలో ఒక్క స్వరం సగం కాలానికే ఆరిపోతే దాన్ని డెడ్ స్పాట్ అంటారు. 25.5 అంగుళాల స్కేల్ (తీగ మోగే పొడవు), బోల్టులతో బిగించిన నెక్ ఉన్న గిటార్లలో ఇది మూడో తీగ మీద 5, 6, 7 ఫ్రెట్ల చుట్టూ తరచు కనబడుతుంది. నెక్‌కు కూడా సొంత కంపనం ఉంటుంది. మీటిన స్వరం దానితో కలిసినప్పుడు తీగలోని శక్తిని నెక్ లాగేసుకుంటుంది. ఏ పికప్ వేసినా ఈ రోగం కుదరదు. హెడ్‌స్టాక్‌కు (శ్రుతి మరలుండే కొనకు) గుడ్డ చుట్టి చిన్న క్లాంప్ బిగిస్తే బరువు మారి ఆ చోటు కొద్దిగా పక్కకు జరుగుతుంది. అది ఏ స్వరం మీదా కాకుండా రెండు స్వరాల మధ్యకు జరిగితే అదృష్టమే.

డెడ్ స్పాట్ అని తీర్మానించే ముందు రెండు విషయాలు చూసుకోండి. స్వరం గరగరలాడుతూ ఆగితే అది ఫ్రెట్ల ఎత్తు తేడా, లెవెల్ చేయిస్తే పోతుంది. తీగ వట్టిగా మీటినప్పుడు ఆరిపోయి, ఫ్రెట్ నొక్కితే బాగుంటే తప్పు నట్‌లోని (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే పట్టీలోని) గాడిలో ఉంది. ట్రెమొలో (బ్రిడ్జ్‌ను కదిపి శ్రుతిని ఊపే మీట) ఉన్న గిటార్ అయితే వెనక స్ప్రింగుల మీద అరచేయి ఆనించి మళ్లీ మీటండి. తేడా వినబడితే తీగ శక్తిలో కొంత ఆ స్ప్రింగుల్లోకి పోతోందన్నమాట.

సెటప్ కొలతలు కూడా ఇక్కడే సరిచేయాలి. 1వ ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ నొక్కి పట్టే బిగింపు) పెట్టి, నెక్ బాడీని కలిసే చోట ఆరో తీగను నొక్కితే 7వ, 8వ ఫ్రెట్ల దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య 0.2 నుంచి 0.25 మిల్లీమీటర్ల సందు ఉండాలి. 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు ఆరో తీగకు 2, ఒకటో తీగకు 1.6 మిల్లీమీటర్లు మంచి మొదలు. ఇంకా కిందికి దించితే వేళ్లకు సుఖమే. కానీ తీగ ఫ్రెట్లను చెవికి అందనంత చిన్నగా తాకుతూ శక్తి పోగొట్టుకుంటుంది. సస్టెయిన్ (నాదం నిలవడం) లేదని బాధపడే గిటార్లలో చాలావాటికి మందు ఈ అర మిల్లీమీటరే. తీగల మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) 10-46 సెట్ సరిపోతుంది. 24.75 అంగుళాల స్కేల్ మీద 9-42 వేస్తే మరీ వదులుగా ఉంటాయి. ప్యూర్ నికెల్ తీగలు మామూలు నికెల్ పూత తీగలకంటే తక్కువ పదునుగా మోగుతాయి, ఈ పనికి అదే కావాలి.

ఏ గిటార్

గిబ్సన్ కంపెనీ లెస్ పాల్ తరహా గిటార్‌కు ఈ టోన్‌లో పేరు రావడం వెనక లెక్క ఉంది: 24.75 అంగుళాల పొట్టి స్కేల్, కదలని బ్రిడ్జ్, అతికించిన నెక్, రెండు హంబకర్లు (హమ్‌ను అణచే రెండు కాయిల్స్ పికప్‌లు). మహోగని చెక్క మహిమ గురించి జరిగే వాదనలకు అంతు లేదు. చెక్క పేరుకంటే నెక్ జాయింట్ బిగువు, బ్రిడ్జ్ గట్టిదనం ముందు చూడండి. బోల్ట్ నెక్ అయినంత మాత్రాన సస్టెయిన్ తక్కువనుకోవడం తప్పు. జాయింట్‌లో సందు ఉంటే మాత్రం ఏదైనా తక్కువే.

1958లో వచ్చిన గిబ్సన్ ఈఎస్-335 తరహా సెమీ హాలో గిటార్‌లో మధ్యన మేపుల్ దిమ్మె, రెండు పక్కలా బోలు ఉంటాయి. మధ్యస్థ గెయిన్‌లో దాని లీడ్ చాలా తీయగా ఉంటుంది. గెయిన్ బాగా పెంచితే ఊళ పెడుతుంది. హెవీ మెటల్ వాయించేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

అందరూ పట్టించుకోని విషయం ఒకటి, ఫ్రెట్ల సంఖ్య. 22 ఫ్రెట్ల గిటార్‌లో నెక్ పికప్ తీగ పొడవులో నాలుగో వంతు బిందువుకు దగ్గరగా ఉంటుంది. అక్కడ తీగ వెడల్పుగా ఊగుతుంది కాబట్టి మూల స్వరం బలంగా వస్తుంది. 24 ఫ్రెట్లు పెట్టాలంటే ఫింగర్‌బోర్డ్ 25.5 స్కేల్ మీద సుమారు 2 సెంటీమీటర్లు పొడవవుతుంది, నెక్ పికప్ ఆ మేరకు బ్రిడ్జ్ వైపు జరుగుతుంది. అందుకే అదే పికప్ వేసినా వేణువులాంటి గుండ్రటి గొంతు తగ్గుతుంది. ఈ టోన్ కోసమే కొంటుంటే 22 ఫ్రెట్లదే తీసుకోండి.

పికప్: ఓమ్ అంకె చూసి మోసపోవద్దు

గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ హంబకర్‌కు 1955లో పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. లెస్ పాల్ మీదికి అది 1957లో వచ్చింది. పీఏఎఫ్ (పేటెంట్ అప్లైడ్ ఫర్) అని ఇప్పటికీ పిలిచే ఆ పాత పికప్‌లలో 42 గేజ్ వైరు, ఒక్కో కాయిల్‌కు సుమారు 5000 చుట్లు, నిరోధం 7 నుంచి 8.5 కిలో ఓమ్‌లు. ఈనాటి లెక్కలో ఇవి బలహీనమైనవే. అయినా లీడ్ టోన్‌కు కొలబద్దగా నిలిచింది ఇవే.

డబ్బా మీద రాసే కిలో ఓమ్‌ల అంకెను శక్తి అనుకోవడం పెద్ద పొరపాటు. సన్నటి 44 గేజ్ వైరుతో అన్నే చుట్లు చుడితే అంకె పెరుగుతుంది, శక్తి అంతగా పెరగదు. టోన్‌ను నిర్ణయించేది ఇండక్టెన్స్, అంటే కరెంటులో మార్పును కాయిల్ ఎదిరించే గుణం. పికప్ ఇండక్టెన్స్, కేబుల్ కెపాసిటెన్స్ (విద్యుదావేశాన్ని పట్టి ఉంచే గుణం) కలిసి ఒక శిఖరాన్ని పుట్టిస్తాయి. ఆ పౌనఃపున్యం దగ్గర శబ్దం లేచి, పైన రాలిపోతుంది. 6 మీటర్ల మామూలు కేబుల్, పికప్ సొంతది కలిపి 720 పికోఫారడ్‌లు అనుకుంటే, 2.3 హెన్రీల సింగిల్ కాయిల్ శిఖరం సుమారు 3900 హెర్ట్జ్, 4.5 హెన్రీల పీఏఎఫ్ తరహాది 2800, 8 హెన్రీల హాట్ హంబకర్‌ది 2100. చెవికి మొదటిది గాజు మోగినట్టు, రెండోది మనిషి గొంతులా, మూడోది దుప్పటి కప్పినట్టు ఉంటుంది. మనకు కావాల్సింది మధ్యది.

అయస్కాంతం సంగతి. ఆల్నికో (అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిసిన లోహం) 2 అయితే మీటు మెత్తగా, బాస్ కాస్త వదులుగా ఉంటుంది. ఆల్నికో 5 బలమైనది, బాస్ బిగువుగా, పైస్వరాలు స్పష్టంగా ఉంటాయి. సెరామిక్ పికప్‌లు చాలావరకు గట్టిగా, పదునుగా ఉంటాయి. నెక్ దగ్గరకు సీమోర్ డంకన్ ఆల్నికో టూ ప్రో, లేదా ఆల్నికో 5తో వచ్చే వాళ్ల '59, లేదా డిమార్జియో పీఏఎఫ్ లాంటివి 7, 8 కిలో ఓమ్‌ల జాతి. వీటిలో ఏది వేసినా తప్పు కాదు. బరువైన, బాస్ ఎక్కువున్న గిటార్‌లో మాత్రం నెక్ పికప్ బురదగా వినిపించే ప్రమాదం ఉంది. అప్పుడు పికప్‌ను 1 మిల్లీమీటర్ కిందికి దించి, పోల్ స్క్రూలను అర తిప్పు పైకి తీయండి. పికప్ మార్చే ఖర్చు చాలాసార్లు ఇక్కడే తప్పుతుంది.

బ్రిడ్జ్ పికప్‌కు కాస్త బలమైనది వేయొచ్చు, ఎందుకంటే అక్కడ తీగ తక్కువ ఊగుతుంది. 8 నుంచి 9 కిలో ఓమ్‌ల పీఏఎఫ్ తరహాది నెక్‌తో సమంగా కుదురుతుంది. 16.4 కిలో ఓమ్‌ల సీమోర్ డంకన్ జేబీ, సెరామిక్ అయస్కాంతంతో వచ్చే డిమార్జియో సూపర్ డిస్టార్షన్ లాంటివి యాంప్‌ను బలంగా తోస్తాయి. కానీ నెక్‌కు మార్చగానే శబ్దం పడిపోతుంది, వాయించేవాడు గెయిన్ పెంచుతాడు, హిస్ పెరుగుతుంది. 1946 నుంచి ఉన్న పీ-90 సింగిల్ కాయిల్‌ను కూడా మరచిపోవద్దు. ఒక్క స్వరం పాడించడంలో దానికి సాటి తక్కువ. హమ్ మాత్రం భరించాలి.

ఎత్తు, పాట్లు, వైరింగ్

చివరి ఫ్రెట్ నొక్కి పట్టి, తీగ అడుగు నుంచి పికప్ పోల్ దాకా కొలవండి. హంబకర్‌కు నెక్ దగ్గర 2.4, బ్రిడ్జ్ దగ్గర 1.6 మిల్లీమీటర్లు. సింగిల్ కాయిల్‌కు ఆరో తీగ వైపు 2.4, ఒకటో తీగ వైపు 2. ఫెండర్ తరహా సింగిల్ కాయిల్‌లో పోల్ ముక్కలే అయస్కాంతాలు, మరీ దగ్గరైతే తీగను లాగి పట్టుకుంటాయి. పైఫ్రెట్లలో రెండు శ్రుతులు కొట్టుకున్నట్టు స్వరం అల్లాడడం, శ్రుతి ఎంత సరిచేసినా కుదరకపోవడం దాని గుర్తులు. సస్టెయిన్ కోసం పికప్‌ను దగ్గరికి తేవడం అంటే బండి నడుస్తుండగా బ్రేక్ నొక్కడమే. పావు తిప్పు చొప్పున దించుతూ వినండి.

హంబకర్లకు 500 కిలో ఓమ్‌ల పాట్లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే తిప్పుడు నిరోధాలు), టోన్ కెపాసిటర్ 0.022 మైక్రోఫారడ్. 250 వేస్తే శిఖరం చదునై మెత్తబడుతుంది, బాగా పదునైన గిటార్‌లో అదే సరైన మందు కావచ్చు. పాట్ల మీద రాసిన అంకెను నమ్మకండి, 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. బిగించే ముందు మల్టీమీటర్‌తో కొలిచి, పెద్ద అంకె ఉన్నదాన్ని వాల్యూమ్‌కు వాడండి. నెక్ పికప్‌లో టోన్ నాబ్ సున్నాకు తిప్పితే కెపాసిటర్ వల్ల శిఖరం దాదాపు 500 హెర్ట్జ్‌కు దిగుతుంది. 1960ల చివర్లో గిటారిస్ట్ ఎరిక్ క్లాప్టన్ వాడిన వుమన్ టోన్ వెనక ఉన్నది ఈ నాబే, గట్టిగా తోసిన యాంప్‌తో కలిసి.

పికప్ మార్చేటప్పుడు రంగుల దగ్గర పొరపాటు జరుగుతుంది. నాలుగు వైర్ల సీమోర్ డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ తెచ్చే వైరు), ఆకుపచ్చ, నగ్న వైరు గ్రౌండ్, ఎరుపు తెలుపు కలిపి టేపు చుట్టాలి. డిమార్జియోలో ఎరుపు హాట్, ఆకుపచ్చ, నగ్న వైరు గ్రౌండ్, నలుపు తెలుపు కలపాలి. రెండు కంపెనీలవి కలిపి వాడి ఒకదాని బొమ్మే చూసి అతికితే పికప్ మూగబోవచ్చు, లేదా మధ్య స్విచ్‌లో గొంతు ముక్కులోంచి వచ్చినట్టు పలచబడుతుంది. గిటారిస్ట్ పీటర్ గ్రీన్ 1959 లెస్ పాల్‌లో నెక్ పికప్ అయస్కాంతం తిరగబడి ఉండి ఆ పలుచటి గొంతే వచ్చింది, దానికీ అభిమానులున్నారు. వద్దనుకునేవాళ్లు సోల్డర్ వేసే ముందే పరీక్షించాలి. మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి పికప్ వైర్లకు కలిపి, స్క్రూడ్రైవర్‌ను పోల్స్‌కు ఆనించి ఠక్కున లాగండి. అంకె ఒక్క క్షణం పెరుగుతుందో తగ్గుతుందో చూడండి. రెండు పికప్‌లలోనూ ఒకే దిశ రావాలి. లేకపోతే ఒకదాని హాట్, గ్రౌండ్ మార్చండి, నగ్న వైరును మాత్రం గ్రౌండ్‌లోనే ఉంచండి. పాట్ వీపు మీద సోల్డర్ వేసేటప్పుడు 40 వాట్ల ఐరన్ వాడి మూడు నాలుగు సెకన్లలో ముగించండి. సన్నటి ఐరన్‌తో పావు నిమిషం కాలిస్తే లోపలి ట్రాక్ పాడవుతుంది.

గెయిన్, గది, ఈలలు

ఓవర్‌డ్రైవ్ (సిగ్నల్‌ను హద్దు మించి తోసి వక్రీకరించడం) శబ్దాన్ని కుదించి చిన్నదవుతున్న స్వరాన్ని పైకి లేపి పట్టుకుంటుంది, సస్టెయిన్‌లో సగం దాని చలవే. ఒక్క పెడల్‌ను పూర్తిగా తెరవకుండా, తక్కువ గెయిన్‌తో రెండు దశలు పెట్టుకుంటే మెత్తగా ఉంటుంది. డిస్టార్షన్‌కు ముందే బాస్ తగ్గించండి. ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ పెడల్ సుమారు 720 హెర్ట్జ్ కింద ఉన్న బాస్‌ను తగ్గించాకే వక్రీకరిస్తుంది కాబట్టే నెక్ హంబకర్‌తో అంత బాగా కుదురుతుంది. తర్వాత తగ్గిస్తే అప్పటికే బురద పుట్టి ఉంటుంది.

శబ్దం బాగా పెంచగలిగితే స్పీకర్‌కు ఒకటి ఒకటిన్నర మీటర్ల దూరంలో నిలబడి, స్వరం పట్టుకుని కొద్దికొద్దిగా తిరగండి. స్పీకర్ గాలి తీగను మళ్లీ ఊపే చోటు ఒకటి దొరుకుతుంది, అక్కడ నేల మీద టేపు అతికించండి. ఇంట్లో ఆ శబ్దం వీలుకాకపోతే ఈబో లాంటి చేతి పరికరం తీగను విద్యుత్తుతో ఊపుతుంది.

ఈ ఫీడ్‌బ్యాక్ స్వరంలా కాకుండా చెవి చిల్లులు పడే ఈలలా వస్తే తీగలన్నిటినీ అరచేత్తో ఆపండి. ఈల ఇంకా వస్తుంటే అది తీగది కాదు, పికప్‌లోని వదులు వైరుదో మూతదో. మైనం పట్టించని పాత తరహా పికప్‌లలో ఇది మామూలే. పారఫిన్ 80 భాగాలు, తేనె మైనం 20 భాగాలు కలిపి, నీళ్ల గిన్నెలో పెట్టిన డబ్బాలో 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ దాకా కరిగించి, పికప్‌ను బుడగలు రావడం ఆగేదాకా, పదిహేను ఇరవై నిమిషాలు ముంచి ఉంచండి. థర్మామీటర్ తప్పనిసరి. వేడి మించితే కాయిల్ చుట్టిన ప్లాస్టిక్ బాబిన్ వంకరపోతుంది. నేరుగా మంట మీద పెడితే మైనం అంటుకుంటుంది.