బాలెంతకు వావిలాకు నీళ్లు, నడికట్టు

మామూలు కాన్పయితే డాక్టరు సరేనన్నాకే నూనె పట్టాలి. పెద్దాపరేషనైతే కుట్లు పూర్తిగా మానేదాకా పొట్ట మీద చెయ్యి వెయ్యొద్దు.

వావిలాకు మన పాలమూరు, నల్లగొండ వాగుల ఒడ్డున దొరుకుతుంది. రెండు గుప్పెళ్లు కడిగి, బిందెడు నీళ్లలో ఘాటు వాసన వచ్చేదాకా మరిగించి వడకట్టాలి. గోరువెచ్చగా చల్లారాకే పొయ్యాలి. సలసల కాగేవి పోస్తే ఒళ్లు కాలుతుంది, కళ్లు తిరుగుతాయి.

నువ్వుల నూనె అర గ్లాసు చాలు. పాదాల నుంచి పైకి రుద్దాలి. నడుముకు వెన్నుపూస రెండు పక్కలా బొటనవేళ్లతో నొక్కాలి, ఎముక మీద కాదు. పొట్టకు అరచేత్తో పైపైనే. ఒక పిక్క వాచి నొప్పిగా ఉంటే అస్సలు రుద్దొద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, దవాఖానకు తీసుకపోవాలి.

ఇక నడికట్టు. పాత నూలు చీరను జానెడు వెడల్పున మడిచి, బాలెంతను వెల్లకిలా పడుకోబెట్టి, తుంటి ఎముకల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి. చాలా ఇళ్లల్ల పైన బిగించి కింద వదులు చేస్తారు. అప్పుడు ఒత్తిడంతా కిందికి దిగి, కాన్పుకు సాగిన కండరాల మీద పడుతుంది. కట్టులోకి రెండు వేళ్లు దూరాలి, నిండా ఊపిరి అందాలి. తినేటప్పుడు, పడుకునేటప్పుడు విప్పెయ్యాలి. బిగిస్తే పొట్ట తొందరగా పోతదనేది నమ్మొద్దు; గర్భసంచి తనంతట తానే సుమారు 6 వారాల్లో ముడుచుకుంటుంది. కట్టు నడుముకు ఆసరా, అంతే.

గంటలోపే ప్యాడ్ తడిసిపోయినా, జ్వరమొచ్చినా కట్టు విప్పి 108కి ఫోన్ చెయ్యండి.