అమెరికా వెళ్లే బి.ఫార్మ్, బీడీఎస్ వాళ్లు ఫ్లైట్ ఎక్కేలోపు తేల్చుకోవాల్సినవి

భర్త హెచ్‌1బీ మీద, మీరు హెచ్‌4 (హెచ్‌1బీ వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద వెళ్తుంటే ముందు చూడాల్సింది కోర్సు కాదు, వీసా. హెచ్‌4లో చదువుకోవచ్చు, ఉద్యోగం చేయకూడదు. ఆయన గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ అప్రూవ్ అయితే మీరు ఈఏడీకి, అంటే ఉద్యోగం చేసుకునే అనుమతి కార్డుకు అప్లై చేయొచ్చు. 2015 నుంచి ఈ వెసులుబాటు ఉంది. ఐ-140 ఇంకా మొదలే కాలేదంటే ఆర్నెల్ల సర్టిఫికెట్ కోర్సులు దండగ. సర్టిఫికెట్ చేతికొచ్చాక కూడా ఇంట్లోనే కూర్చోవాలి. అలాంటప్పుడు డిగ్రీ చదవడమే మేలు.

బి.ఫార్మ్ వాళ్లు బోల్తా పడేది ఇంకోచోట. 2003 జనవరి 1 నుంచి పాసైన వాళ్లకు ఫార్మసీ కోర్సు కనీసం ఐదేళ్లు ఉండాలన్నది ఎఫ్‌పీజీఈసీ (విదేశాల్లో ఫార్మసీ చదివిన వాళ్ల అర్హత చూసే అమెరికా కమిటీ) నిబంధన. మనది నాలుగేళ్లే. పైన ఎం.ఫార్మ్ ఉంది కదా అంటే కుదరదు. ఆరేళ్ల ఫార్మ్‌డీకి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) ఈ అడ్డు లేదు. కాబట్టి బి.ఫార్మ్‌తో ఫార్మసిస్ట్ కావాలంటే అక్కడ మళ్లీ ఫార్మ్‌డీ చదవాలి. అంత ఓపిక లేకపోతే ఫార్మసీ టెక్నీషియన్, అంటే ఫార్మసిస్టుకు సహాయకుడి ఉద్యోగం. దానికి రాసే పీటీసీబీ సర్టిఫికేషన్ పరీక్షలో 90 ప్రశ్నలు, 110 నిమిషాలు. మీకు నల్లేరు మీద నడకే, జీతం మాత్రం ఫార్మసిస్టుకు దరిదాపుల్లో ఉండదు. ఇక్కడ ఫార్మకోవిజిలెన్స్‌లో (మందుల దుష్ప్రభావాలను గమనించి నమోదు చేసే పని) పనిచేసి ఉంటే అదే పట్టుకోండి, లైసెన్సు గొడవే లేదు.

బీడీఎస్ వాళ్లు ఐఎన్‌బీడీఈ అనే అమెరికా డెంటల్ బోర్డు పరీక్ష రాసి, విదేశీ డెంటిస్టుల కోసం అక్కడి డెంటల్ కాలేజీలు నడిపే రెండు మూడేళ్ల అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ కోర్సు చేయాలి. ఫీజు చూసి గుండె గట్టి చేసుకోండి. నర్సులు ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సింగ్ లైసెన్సు పరీక్ష) హైదరాబాద్‌లోనే రాసి వెళ్లొచ్చు.

అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ (రోగాలు, చికిత్సలను బిల్లుల కోసం కోడ్‌లుగా రాసే పని) నేర్చుకుని వెళ్దామనుకునే వాళ్లకు ఒక మాట. కోడర్లు రాసే సీపీసీ సర్టిఫికేషన్ పరీక్ష 100 ప్రశ్నలు, 4 గంటలు, 70 శాతం వస్తే పాస్. కానీ అనుభవం లేకపోతే సర్టిఫికెట్‌లో సీపీసీ పక్కన 'ఏ' చేరుతుంది, అంటే అప్రెంటిస్. దానితో అక్కడ తొలి ఉద్యోగం దొరకడం కష్టం. టైముంటే ఇక్కడే పనిచేసి ఆ 'ఏ' తీయించుకుని వెళ్లండి.

ఇక కాగితాలు. యూనివర్సిటీ ట్రాన్‌స్క్రిప్టులు సీల్డ్ కవర్లలో రెండు మూడు సెట్లు తీసుకోండి. లోపలేముందో చూద్దామని కవర్ చించితే అది చెల్లదు. 2014కు ముందు రిజిస్టరైన వాళ్లు, ఇప్పుడు తమ పేరు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్లో ఉందో తెలంగాణ కౌన్సిల్లో ఉందో తేల్చుకున్నాకే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌కు (రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందని, ఫిర్యాదులేమీ లేవని కౌన్సిల్ ఇచ్చే పత్రం) అడగాలి. అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించేది ఇంటిపేరు. మెమోలో 'కె. లావణ్య', పాస్‌పోర్టులో 'కొండపల్లి లావణ్య', పెళ్లయ్యాక ఇంకోటి. ముగ్గురూ ఒక్కరేనని నోటరీ అఫిడవిట్ చేయించి, మ్యారేజ్ సర్టిఫికెట్ జతచేసి, ప్రతి అప్లికేషన్‌తోనూ పంపండి.