టాయ్ హాలర్‌కు తగిన ట్రక్కు – మూడో పాఠం: గ్యారేజీ నిండాక హిచ్ మీద బరువెంత?

టాయ్ హాలర్ అంటే వెనుక గ్యారేజీలో ఎడారి బండి, బైకుల్లాంటి ‘బొమ్మలను’ మోసుకెళ్లే క్యాంపు ట్రైలరు. హిచ్ అంటే దాన్ని ట్రక్కుకు తగిలించే జోడింపు. గత పాఠంలో ట్రక్కు డ్రైవర్ తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు చదవడం నేర్చుకున్నాం. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో అందులో ఉంటుంది. అదే పేలోడ్. ఆ అంకెను రాసిపెట్టుకోమన్నాను. హిచ్ మీద పడే భారం కూడా అందులోంచే పోతుంది. ఈ రోజు దాన్ని ఖర్చు పెడదాం.

శాన్ డియేగోలో ఉండే నలుగురి కుటుంబం గ్లామిస్ ఇసుక తిన్నెలకు బయల్దేరుతోంది అనుకోండి. ఎడారి బండిని, అంటే నలుగురు పట్టే సైడ్ బై సైడ్‌ని, వెనుక గ్యారేజీలో ఎక్కించారు. ట్రైలరు ఖాళీ బరువు 7,000 పౌండ్లు. హిచ్ మీద దాని భారం, అంటే టంగ్ వెయిట్, 1,000 పౌండ్లని కంపెనీ కాగితంలో ఉంది. చాలామంది ఈ వెయ్యినే పట్టుకుని ట్రక్కు కొంటారు. అది గ్యారేజీలో ఏమీ లేనప్పటి లెక్క. ఆ స్థితిలో ఎవరూ ప్రయాణం చేయరు.

మామూలు ట్రావెల్ ట్రైలరులో సామాను అటూ ఇటూ సర్దుకుంటుంది. టాయ్ హాలర్‌లో పెద్ద బరువంతా ఇరుసుల వెనక్కి వెళుతుంది. ఇది అచ్చంగా ఊగుడుబల్ల లెక్క: ఇరుసుకు వెనుక పెట్టిన బరువు హిచ్‌ను పైకి లేపుతుంది, ముందు పెట్టింది కిందికి నొక్కుతుంది. ఎంత అన్నది తెలియాలంటే ఆ బరువును ఇరుసుల మధ్య బిందువు నుంచి దాని దూరంతో గుణించి, హిచ్ బాల్ (ట్రైలరు తగిలే గుండు) నుంచి అదే బిందువుకు ఉన్న దూరంతో భాగించాలి. మన ట్రైలరులో ఈ రెండో దూరం 20 అడుగులు. టేపు పట్టుకుని మీరే కొలవండి, కంపెనీని అడగనక్కరలేదు.

ఎడారి బండి 1,500 పౌండ్లు, దాని మధ్యభాగం ఇరుసులకు 4 అడుగుల వెనుక ఉంది. 1,500 × 4 ÷ 20 = 300. అంటే హిచ్ మీద 300 తగ్గింది. ఎడారిలో నీళ్లు దొరకవు కాబట్టి 80 గ్యాలన్ల ట్యాంకు నింపారు. గ్యాలను నీరు 8.34 పౌండ్లు, మొత్తం 667. ట్యాంకు ఇరుసులకు 5 అడుగుల ముందుంది కనుక హిచ్ మీద 167 పెరిగింది. ముందు పడకగదిలో బట్టలు, బియ్యం, వంటసామాను 400 పౌండ్లు, 12 అడుగుల ముందు. 240 పెరిగింది. మొత్తం ట్రైలరు 9,567, హిచ్ మీద 1,107. శాతంలో 11.6. ట్రావెల్ ట్రైలరుకు 10 నుంచి 15 శాతం మధ్య ఉండాలి కాబట్టి వెళ్లేటప్పుడు భయం లేదు.

తిరుగు ప్రయాణం వేరు. నీళ్లు వాడేశారు, మురికినీరు డంప్ స్టేషన్‌లో పారబోశారు, తిండి సామాను వంద పౌండ్లు తగ్గింది. ట్రైలరు 8,800, హిచ్ మీద 880. సరిగ్గా 10 శాతం, గీత మీద నిలబడ్డాం. ఇంతలో స్నేహితుడు తన 250 పౌండ్ల బైకు కూడా తీసుకెళ్లమన్నాడు, దాన్ని 6 అడుగుల వెనుక కట్టారు. హిచ్ మీద 805, శాతం 8.9. ఎనిమిదో ఇంటర్‌స్టేట్‌లో ఓకోటియో దాటి కొండ ఎక్కేటప్పుడు పక్కగాలి కొడుతుంది. పైకెక్కాక శాన్ డియేగో వైపు మళ్లీ దిగుడు. హిచ్ తేలికైన ట్రైలరు ఊగడం మొదలుపెట్టేది ఇలాంటి చోటే. ఒకసారి ఊపు పెరిగితే ఎంత పెద్ద ట్రక్కు అయినా దాని వెంట పోవాల్సిందే. ఎడారి బండిని రెండడుగులు ముందుకు జరిపి కట్టండి, హిచ్ మీద 150 తిరిగి వస్తుంది, శాతం 10.5 దాటుతుంది. గ్యారేజీ నేలలో పట్టీలు బిగించే కొక్కేలు ఎక్కడెక్కడ ఉన్నాయో కొనేముందే చూడమని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇప్పుడు ట్రక్కు. దాన్ని ఏ బరువుకు ఎంచాలి? ఎడారి బండిని ఇంట్లో వదిలి, నీళ్లు, సామాను నింపుకుని క్యాంపుకు వెళ్లే రోజుకు. ఆ రోజు వెనుక లేపే బరువు లేదు, హిచ్ మీద 1,407 పడుతుంది. బొమ్మలు లేనప్పుడే ట్రక్కుకు ఎక్కువ కష్టం! దీనికి మనుషులు 600, హిచ్ సామగ్రి 100, ట్రక్కు వెనుక కూలరు, పనిముట్లు 150 కలపండి. 2,257. ట్రక్కు పేలోడ్ కనీసం ఇంత ఉండాలి.

షోరూములో చూపించే హాఫ్ టన్ (తేలికపాటి తరగతి) ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుందని రాసి ఉండవచ్చు. దాని స్టిక్కరు మీద 1,600 ఉంటే ఈ ట్రైలరుకు అది పనికిరాదు. లాగే సామర్థ్యాన్ని జే2807 అనే వాహన ఇంజనీర్ల సంఘం (ఎస్ఏఈ) ప్రమాణం ప్రకారం కొలుస్తారు. అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఎక్కుడు ఆ పరీక్షలో భాగం. కానీ అప్పుడు ట్రక్కులో ఉన్నట్టు లెక్కించేది 150 పౌండ్ల మనుషులు ఇద్దరినే. మీ పిల్లలు, మీ కూలరు అందులో లేరు. బరువును పంచే హిచ్ పెడితే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది ముందు చక్రాలకు, ట్రైలరు ఇరుసులకు కొంత భారం మళ్లిస్తుంది, తప్పకుండా వాడాలి, కానీ స్టిక్కరు మీది అంకెను పెంచదు. మనకు కావలసింది త్రీ క్వార్టర్ టన్ ట్రక్కు, అంటే హాఫ్ టన్ కంటే పై తరగతిది. అందులోనూ డీజిల్ ఇంజను బరువెక్కువ, అది పేలోడ్‌ను తినేస్తుంది. ఒకే పేరున్న రెండు ట్రక్కుల స్టిక్కర్లు వందల పౌండ్లు తేడాగా ఉంటాయి. మీరు కొనబోయే ఆ ఒక్క ట్రక్కు తలుపే తెరిచి చూడండి.

కాలిఫోర్నియా వాళ్లకు ఇంకొక్క మాట. ట్రావెల్ ట్రైలరు గరిష్ఠ అనుమతి బరువు 10,000 పౌండ్లు దాటితే మామూలు లైసెన్సు చాలదు, నాన్ కమర్షియల్ క్లాస్ ఏ కావాలి. చూసేది ట్రైలరు స్టిక్కరు మీది అంకె, ఆ రోజు మీరు నింపిన బరువు కాదు.

అభ్యాసం: ఖాళీ ట్రైలరు 6,000, హిచ్ మీద 780, బాల్ నుంచి ఇరుసుల మధ్యకు 20 అడుగులు. రెండు బైకులు కలిపి 500 పౌండ్లు, 5 అడుగుల వెనుక. నీళ్లు 60 గ్యాలన్లు, 5 అడుగుల ముందు. సామాను 300 పౌండ్లు, 12 అడుగుల ముందు. వెళ్లేటప్పుడు, నీళ్లు లేకుండా వచ్చేటప్పుడు, బైకులు లేకుండా వెళ్లినప్పుడు హిచ్ మీద ఎంతెంత, ఎంతెంత శాతం? మూడూ లెక్కకట్టి ఉంచండి. నాలుగో పాఠంలో ట్రక్ స్టాపు దగ్గరి క్యాట్ అనే లారీల తూకం కాటా మీదికి బండి ఎక్కించి, మూడు తూకాలతో ఈ లెక్కలను సరిచూడటం నేర్చుకుందాం.