బరువు తగ్గే ఆపరేషన్: డేట్ ఖాయం చేసుకునేముందు చూసుకోండి

- గుండెమంట, పులితేన్పులు ఎక్కువగా ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పండి. స్లీవ్ అనే ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని దాదాపు 80 శాతం కోసి తీసేస్తారు, మళ్ళీ పెట్టలేరు. ఆ తర్వాత మంట ఇంకా పెరగొచ్చు. ఇలాంటివాళ్ళకి చాలాసార్లు గ్యాస్ట్రిక్ బైపాసే (జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి పేగుకి కలిపి కుట్టే ఆపరేషన్) నయం. తెలిసినవాళ్ళు స్లీవ్ చేయించుకున్నారని మీరూ అదే ఎంచుకోవద్దు.

- బైపాస్ అయితే సిగరెట్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు మానేయాలి. కుట్టిన చోట పుండు పడే ప్రమాదం ఉంది.

- షుగర్, బీపీ మందుల డోసు మార్పించుకోండి. ఆపరేషన్ తర్వాత కూడా పాత డోసే వేసుకుంటే కళ్ళు తిరిగి పడిపోవచ్చు.

- బీ12, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వాడాలి. బాగానే ఉన్నాం కదా అని ఆపేస్తే, లోటు బయటపడేసరికి నరాలు దెబ్బతినొచ్చు.

- వాంతులు ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. వాంతులతో విటమిన్ బీ1 పడిపోతే మెదడుకే ముప్పు.

- ప్రొటీన్ ముందు తినండి, రోజుకి కనీసం 60 గ్రాములు. లేదంటే కండ కరుగుతుంది.

- తింటూ నీళ్ళు తాగొద్దు, తిన్నాక అరగంట ఆగండి. చిన్న చెంచాతో తీసుకుని, బాగా నమిలి, చెంచా కింద పెట్టి, మళ్ళీ తీసుకోండి. ఒక్క ముద్ద ఎక్కువైనా ఛాతీలో పట్టేసినట్టు ఉంటుంది.