లైడార్ లేకుండా, ఒక్క కెమెరాతో: తనంతట తాను నడిచే బుల్లి కారు ఎలా చేయాలి?

ఫైనలియర్ ప్రాజెక్టుకి సెల్ఫ్ డ్రైవింగ్ కారు చేద్దామనుకుని, లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సార్) ధర చూసి మానుకున్న పిల్లల్ని మా విజయనగరంలో చూశాను. నాకది బాధగా ఉంటుంది. 2016లో ఎన్విడియా ఇంజినీర్లు ముందు కెమెరా బొమ్మ నుంచి నేరుగా స్టీరింగ్ కోణం చెప్పే న్యూరల్ నెట్‌వర్క్‌తో (ఉదాహరణలు చూసి నేర్చుకునే ప్రోగ్రాంతో) నిజం కారునే రోడ్డు మీద నడిపారు. ఆ పద్ధతి మన హాస్టల్ వరండాలోనూ పనిచేస్తుంది.

ముందుగా సామాను. రెండు బీఓ మోటార్ల (బ్యాటరీతో తిరిగే చిన్న గేరు మోటార్ల) చాసిస్, మోటార్లకు కరెంటు అందించే ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్, కెమెరా, రెండు 18650 సెల్స్ (రీఛార్జ్ చేసుకునే లిథియం సెల్స్), వోల్టేజి తగ్గించే బక్ కన్వర్టర్, శబ్ద తరంగాలతో దూరం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సార్ తీసుకోండి. పెద్ద ఖర్చు బండికి మెదడైన చిన్న కంప్యూటర్, రాస్ప్‌బెర్రీ పై బోర్డుదే. పాత పై 3 అయినా చాలు, సీనియర్లను అడిగాకే కొత్తది కొనండి. వైర్లు, టేపు గంటస్తంభం దగ్గర దొరుకుతాయి.

తర్వాత కరెంటు. మా మొదటి బండిలో మోటారు తిరగగానే బోర్డు రీస్టార్ట్ అయ్యేది. కోడ్‌లో తప్పనుకుని రెండు రాత్రులు వెతికాం. తప్పు వైరింగ్‌లో ఉంది. డ్రైవర్ మీదున్న 5 వోల్టుల పిన్ అర ఆంపియరుకి మించి ఇవ్వలేదు, పై బోర్డుకి అది చాలదు. అందుకే సెల్స్ నుంచి పై బోర్డుకి వేరుగా బక్ కన్వర్టర్ పెట్టండి. మల్టీమీటర్‌తో 5.1 వోల్టులకు సెట్ చేశాకే బోర్డుకి కలపండి. గ్రౌండ్ (నెగటివ్ వైరు) మాత్రం అన్నిటికీ ఒకటే ఉండాలి.

నేల మీద అర మీటరు ఎడంతో రెండు టేపు గీతలు వేస్తే అదే రోడ్డు. కెమెరాని కాస్త కిందికి వంచి స్క్రూలతో బిగించండి. మధ్యలో కోణం మారితే తీసిన డేటా అంతా వృథా.

అసలు పని ఇక్కడే ఉంది, టైమంతా దీనికే ఇవ్వండి. జాయ్‌స్టిక్‌తో మీరే బండి నడుపుతూ 160×120 బొమ్మలు, వాటితో పాటు స్టీరింగ్ విలువలు రికార్డు చేయండి. సెకనుకు 10 చొప్పున పది నిమిషాలకు 6,000 వస్తాయి. ట్రాక్ రెండు దిక్కులా తిరగండి. పొద్దున ఒకసారి, సాయంత్రం వరండాలోకి ఎండ వాలినప్పుడు ఒకసారి తీయండి. చక్కగా నడిపిన బొమ్మలే ఉంటే బండి ఒకసారి గీత దాటాక వెనక్కి రాలేదు, ఎందుకంటే ఆ పరిస్థితి అది ఎన్నడూ చూడలేదు. రికార్డింగ్ ఆపి బండిని అంచుకి తీసుకెళ్లండి, ఆన్ చేసి మధ్యకి తీసుకురండి. ఇలా ఎన్నోసార్లు చేయాలి.

ఈ బొమ్మలతో న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పడమే ట్రైనింగ్, అలా నేర్చుకున్న నెట్‌వర్క్‌నే మోడల్ అంటాం. ట్రైనింగ్‌కి గూగుల్ కోలాబ్ (ఇంటర్నెట్‌లో కోడ్ నడిపే చోటు) ఉచితంగా దొరుకుతుంది. బొమ్మ పై భాగం కత్తిరించండి, కిటికీలూ కాళ్లూ బండికి అక్కర్లేదు. ప్రతి బొమ్మనీ అద్దంలోలా తిప్పి, స్టీరింగ్ విలువకి ప్లస్, మైనస్ గుర్తు మారిస్తే డేటా రెట్టింపవుతుంది.

అల్ట్రాసోనిక్‌ని మోడల్‌తో ముడిపెట్టకండి. 30 సెంటీమీటర్లలో ఏదైనా అడ్డొస్తే మోడల్ ఏం చెప్పినా మోటార్లు ఆగాలి. దాని ఎకో పిన్ (సమాధానం పంపే పిన్) 5 వోల్టులిస్తుంది, పై బోర్డు పిన్ 3.3 వోల్టులు మాత్రమే తట్టుకుంటుంది. మధ్యలో 1కె, 2కె రెసిస్టర్లతో వోల్టేజి తగ్గించే డివైడర్ తప్పనిసరి.

మొదటి పరీక్ష చక్రాలు గాల్లో ఉంచి చేయండి, తర్వాతే నేల మీద, మెల్లగా. ఏ మలుపులో తప్పుతుందో అక్కడే మళ్లీ కొన్ని వందల బొమ్మలు తీసి, పాతవాటితో కలిపి ట్రైన్ చేయండి.